స్పోర్ట్స్ కారుకు టైర్లు మార్చేటప్పుడు దుకాణంలో ఏం అడగాలి?

మా నల్లగొండలో టైర్ల దుకాణానికి ఎవరు పోయినా ముందు అడిగేది ఒకటే: "అన్నా, ఎన్ని వేలు తిరుగుతది?" లారీ ఓనరైనా, క్యాబ్ నడిపే తమ్ముడైనా, ఊరికీ పొలానికీ చిన్న కారులో తిరిగే రైతైనా అదే ప్రశ్న. వాళ్లకు అది సరైన ప్రశ్నే. టైరు మీద పెట్టిన రూపాయి కిలోమీటర్లుగా తిరిగి రావాలి కదా. కానీ రెండొందల గుర్రాల బలమున్న కారును తీసుకుపోయి అదే మాట అడిగితే, దుకాణదారు మన ప్రశ్నకు సరిపోయే జవాబే ఇస్తాడు. గట్టి రబ్బరు టైరు తీసి ముందు పెడతాడు. అది యాభై వేలు తిరుగుతుంది కూడా. తడి రోడ్డు మీద బ్రేకు తొక్కితే ఎక్కడ ఆగుతుందన్నది మాత్రం మనమూ అడగం, ఆయనా చెప్పడు.

నేను ఆ ప్రశ్న అడగడం నేర్చుకున్నది 2024 జులైలో. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ సెడాన్ సెకండ్‌హ్యాండ్‌లో కొని మూడు నెలలైంది. టైర్లు చూడటానికి కొత్తవాటిలా నిగనిగలాడుతున్నాయి. తిప్పర్తి దాటి మిర్యాలగూడ వైపు పోతున్నాను. సన్నగా తుంపర పడుతోంది. నాట్ల కాలం కాబట్టి, పొలంలో దమ్ము చేసి రోడ్డెక్కిన ట్రాక్టర్ల చక్రాల నుంచి రాలిన రేగడి మట్టి తారు మీద పలచగా పరుచుకుని ఉంది. ముందున్న ట్రాక్టరు ట్రాలీ ఒక్కసారిగా ఆగింది. డెబ్బై వేగంలో ఉన్నాను. బ్రేకు తొక్కితే పెడల్ కాలి కింద గడగడమని కొట్టుకుంది గానీ కారు ఆగినట్టే అనిపించలేదు. జారుతూ జారుతూ పోయి ట్రాలీ వెనక తలుపుకు జానెడు దూరంలో నిలబడింది. పక్క సీట్లో మా అమ్మ ఉంది. ఇంటికి పోయేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

మర్నాడు పొద్దున కొలిచి చూస్తే టైరు మీద గాడి లోతు ఇంకా ఆరు మిల్లీమీటర్లు ఉంది. కొత్త టైరుకు సాధారణంగా ఎనిమిది దాకా ఉంటుంది, కాబట్టి అరుగుదల లెక్కన ఏ లోపమూ లేదు. పక్క గోడ మీద "డాట్" అనే అక్షరాల తర్వాత చివరి నాలుగంకెలు చూశాను: 1417. అంటే 2017లో 14వ వారం తయారీ. ఏడేళ్ల టైరు. బొటనవేలి గోరు గుచ్చితే దిగడం లేదు, పలక మీద గీసినట్టు ఉంది. గాళ్లు నిండుగా ఉన్నాయి, రబ్బరు మాత్రం ఎప్పుడో చచ్చిపోయింది.

అసలు టైరు రోడ్డును ఎలా పట్టుకుంటుందో తెలిస్తే మిగతా చిక్కు చాలావరకు విడిపోతుంది. పదిహేను వందల కిలోల కారు నాలుగు టైర్ల మీద నిలబడుతుంది. ఒక్కో టైరు రోడ్డుకు ఆనే చోటు దాదాపు అరచేయంత. అంతే, నాలుగు అరచేతులు. ఇంజిన్ బలం, బ్రేకుల బలం, స్టీరింగ్ మాట, అన్నీ ఆ నాలుగు అరచేతుల గుండానే రోడ్డుకు చేరాలి. కంటికి నున్నగా కనిపించే తారులో కంకర మొనలు ఉంటాయి. మెత్తటి రబ్బరు ఆ మొనల మధ్యకు దిగి, నొక్కుకుపోయి, మళ్లీ లేస్తుంది. అలా నొక్కుకుని లేవడంలో కొంత శక్తి వేడిగా పోతుంది. ఆ పోయే శక్తే మనకు పట్టు. తడి రోడ్డు మీద రబ్బరు రోడ్డుకు అతుక్కునే గుణం తగ్గిపోతుంది కాబట్టి, ఇలా మొనల మధ్యకు దిగే గుణమే కారును కాపాడాలి. ఎండిపోయి గట్టిపడిన రబ్బరుకు అది చేతకాదు.

తేడా ఎంతుంటుందో లెక్క వేసి చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో పోతున్న కారు, తడి రోడ్డు మీద ఘర్షణ గుణకం (పట్టు ఎంతుందో చెప్పే అంకె) 0.7 ఉంటే బ్రేకు పడ్డాక సుమారు 36 మీటర్లలో ఆగుతుంది. అదే 0.5కు పడిపోతే 50 మీటర్లు కావాలి. నడుమ 14 మీటర్లు. ఒక పెద్ద లారీ పొడవు కన్నా ఎక్కువ. దుకాణంలో మనం బేరమాడాల్సింది ఈ 14 మీటర్ల గురించి.

అయితే మెత్తటి రబ్బరుకు ఆయుష్షు తక్కువ. శక్తి వేడిగా పోతుంది కాబట్టి పెట్రోలు కూడా కాస్త ఎక్కువ తాగుతుంది. పట్టు, ఆయుష్షు, మైలేజీ మూడూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. 1990లలో రబ్బరులో కార్బన్ నలుపుకు బదులు సిలికా కలపడం పెరిగాక ఈ పోరు కొంత సద్దుమణిగింది. సిలికా కలిసిన రబ్బరు మామూలుగా దొర్లేటప్పుడు తక్కువ శక్తి తింటూ, బ్రేకు పడినప్పుడు తడి రోడ్డును బాగా పట్టుకుంటుంది. అయినా మూడింటిలోనూ నూటికి నూరు మార్కులు వచ్చే టైరు ఇప్పటికీ లేదు. ఏదైనా టైరు గురించి "అన్నీ ఉన్నాయి" అని అమ్మేవాళ్లు చెబితే, ఏది తగ్గించారో అడగండి.

ఇక పక్క గోడ మీది రాత. నా కారుకు 225/40 ఆర్18 92 వై. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది గోడ ఎత్తు, వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. అంటే 225లో 40 శాతం, 90 మిల్లీమీటర్లు. 18 అనేది రిమ్ కొలత, అంగుళాల్లో. 92 అంటే ఒక్కో టైరు 630 కిలోలు మోయగలదని. చివరి అక్షరం వేగానికి గుర్తు: హెచ్ అయితే 210 కిలోమీటర్లు, వి 240, డబ్ల్యూ 270, వై 300.

ఇక్కడే చాలామందికి ఒక అనుమానం వస్తుంది. "మన హైవేల మీద కార్లకు వందే లిమిట్, 300 తట్టుకునే టైరెందుకు, హెచ్ సరిపోదా?" నేనూ అడిగాను. ఆ అక్షరం పైకి వేగం గురించి చెప్పినా, అసలు చెప్పేది వేడి గురించి. ఎక్కువ వేగం గుర్తున్న టైరు లోపలి పొరలు, పట్టీలు వేడిని, గుండ్రంగా తిరిగేటప్పుడు వచ్చే లాగుడును ఎక్కువ తట్టుకునేలా కడతారు. మే నెలలో మా దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. అప్పటి తారు రోడ్డు అంతకన్నా ఎంత కాలిపోతుందో, మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడిచిన వాళ్లందరికీ తెలుసు. ఆ రోడ్డు మీద నలుగురు మనుషులతో, డిక్కీ నిండా సామానుతో చిట్యాల నుంచి సూర్యాపేట దాకా ఆపకుండా పోయే టైరుకు ఆ బలం కావాలి. పైగా కారు కంపెనీ చెప్పిన గుర్తు కన్నా తక్కువది వేస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర అనవసరమైన ప్రశ్నలు మొదలవుతాయి. పైకి పోవచ్చు, కిందికి దిగొద్దు. మోసే బరువు అంకె విషయంలోనూ అంతే.

కొన్ని టైర్ల మీద ట్రెడ్‌వేర్ అని 200, 300, 420 లాంటి అంకె ఉంటుంది. ఇది అమెరికా పద్ధతి. 100 గుర్తున్న నమూనా టైరుతో పోలిస్తే ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పే అంకె. పరీక్ష టెక్సస్ రోడ్ల మీద జరుగుతుంది, అంకె వేసుకునేది టైరు కంపెనీయే. ఒక కంపెనీ 300కూ ఇంకో కంపెనీ 300కూ పొంతన ఉండాలని లేదు. ఒకే కంపెనీ రెండు రకాలను పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది. 200 చుట్టూ ఉన్నవి రేసు ట్రాక్ కోసం చేసిన మెత్తటి రకాలు. మన రోడ్ల మీద రోజూ నడపడానికి అవి వద్దు. మండు వేసవిలో కరిగిపోతాయి, వాన నీళ్లలో తేలిపోతాయి. 280 నుంచి 400 మధ్యలో ఉన్న స్పోర్ట్స్ రకాలు మనకు సరిగ్గా సరిపోతాయని నా లెక్క. పక్కనే ట్రాక్షన్ అని ఏఏ, ఏ, బి, సి గుర్తులు ఉంటాయి. తడి రోడ్డు మీద నేరుగా బ్రేకు పట్టే గుణాన్ని కొలిచి ఇచ్చేవి అవి. మలుపులో పట్టు గురించి ఏమీ చెప్పవు. అయినా ఏఏ ఉన్నదే తీసుకోండి.

ఇంకో గుర్తు మీద నాకు కోపమే ఉంది. మంచు స్ఫటికం బొమ్మ, మూడు కొండ శిఖరాలు ఉన్న టైర్లు అప్పుడప్పుడు తక్కువ ధరకు కనిపిస్తుంటాయి. అవి చలిదేశాల మంచు కోసం చేసినవి. వాతావరణం ఏడు డిగ్రీల కిందికి పడిపోయినప్పుడు కూడా మెత్తగా ఉండేలా వాటి రబ్బరు చేస్తారు. మన దగ్గర జనవరి తెల్లవారుజామున కూడా ఏడుకు పడిపోవడం అరుదు. ఎండాకాలంలో ఆ రబ్బరు లడ్డూలా నలిగిపోతుంది, స్టీరింగ్ తిప్పితే కారు ఆలస్యంగా మాట వింటుంది. ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

నీళ్ల సంగతి చెప్పాలి. రోడ్డు మీద నీళ్లు నిలిచినప్పుడు గాళ్లు వాటిని పక్కకు తోసేయాలి. తోసే వేగం సరిపోకపోతే టైరు నీటి మీద తేలుతుంది, అప్పుడు స్టీరింగ్, బ్రేకు రెండూ ఉత్తుత్తివే. విమానాల టైర్ల మీద పరిశోధన చేసిన నాసా నుంచి ఒక పాత సూత్రం వచ్చింది. గాడి లోతు కన్నా నీళ్లు ఎక్కువగా నిలిస్తే, తేలే వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుందని. కారుకు అన్వయించి సుమారుగా చూస్తే 33 పీఎస్ఐ గాలి ఉన్న టైరు గంటకు 95 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. 25కు దిగిపోయిన టైరు 83 దగ్గరే తేలుతుంది. ఇరవై వేల రూపాయల టైరుకైనా గాలి తక్కువుంటే ఫలితం ఇదే. వెడల్పు పెరిగితే పక్కకు తోయాల్సిన నీళ్లూ పెరుగుతాయి. లుక్కు కోసం 225 బదులు 245 వేయించుకునే వాళ్లు దీన్ని మర్చిపోతారు.

చట్టం ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల దాకా రావచ్చు. గాళ్ల మధ్య అడ్డంగా ఉండే చిన్న దిబ్బలు ఆ హద్దును చూపిస్తాయి. స్పోర్ట్స్ కారుకు నేనైతే మూడు దగ్గరే మార్చేస్తాను, అదీ వానాకాలానికి ముందే. మే నెలాఖరున చూసినప్పుడు మూడున్నర ఉంటే, ఆ రెండు మిల్లీమీటర్ల కోసం జూన్, జులై నెట్టుకురావడం నాకు దండగ అనిపిస్తుంది.

కొలిచేటప్పుడు టైరుకు ఎదురుగా నిలబడి చూస్తే సరిపోదు. స్పోర్ట్స్ కార్లలో చక్రాల పైభాగం కొద్దిగా లోపలికి వాలి ఉంటుంది. అలైన్‌మెంట్ కాస్త తప్పినా లోపలి అంచు ముందు అరిగిపోతుంది, బయటినుంచి చూస్తే టైరు దివ్యంగా ఉంటుంది. స్టీరింగ్ మొత్తం ఒక పక్కకు తిప్పి, గొంతుకూర్చుని, అరచేతిని టైరు మీద లోపలి అంచు నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి రాయండి. ఒక దిక్కు నున్నగా, ఇంకో దిక్కు రంపం పళ్లలా గరుకుగా తగిలితే అది అలైన్‌మెంట్ తప్పిన గుర్తు. దాన్ని సరిచేయించకుండా కొత్త టైర్లు వేస్తే ఆరు నెలల్లో అవీ అదే దారి పడతాయి. వెనక చక్రాలకూ ఇలాగే చూడాలి, చేయి పట్టనంత సందైతే ఫోన్‌లో ఫొటో తీసి చూడండి.

సైజు మార్చుకోవచ్చా అన్నది పెద్ద ప్రశ్న. మన రోడ్లకు ఇది నిజంగా ఆలోచించదగ్గది. 40 గోడ అంటే తొమ్మిది సెంటీమీటర్ల రబ్బరు, అంతే. ఊరి మొగదల రంగు వేయని స్పీడ్ బ్రేకర్, వాన తర్వాత నీళ్లు నిండి కనిపించని గుంత, వీటిలో ఒక్కటి గట్టిగా తగిలితే గోడలో దారాలు తెగి బొడిపె లేస్తుంది. బొడిపె లేచిన టైరుకు మందు లేదు, మార్చాల్సిందే. అందుకే నేను 18 అంగుళాల నుంచి 17కు దిగాను. 225/40 ఆర్18 మొత్తం ఎత్తు 637 మిల్లీమీటర్లు. 225/45 ఆర్17 ఎత్తు 634. తేడా అర శాతం, స్పీడోమీటరుకు తెలియను కూడా తెలియదు. గోడ మాత్రం 11 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రిమ్ లోపల బ్రేకు కాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) పట్టాలి, రిమ్ వెడల్పు, ఆఫ్‌సెట్ (రిమ్ ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పే కొలత) సరిపోవాలి. వీటిని టైరు కొనక ముందే ఒక చక్రం తొడిగి చూసుకోవాలి.

అదే 235/45 ఆర్18 వేస్తే ఎత్తు 669 అవుతుంది, దాదాపు ఐదు శాతం ఎక్కువ. మీటరు వంద చూపిస్తుంటే కారు 105 దగ్గర పోతుంటుంది. గోడ ఎత్తు పెరిగింది కదా అని సంబరపడేలోపు ఫెండర్‌కు రాసుకోవడం మొదలవుతుంది. మొత్తం ఎత్తులో తేడా రెండు శాతం లోపు ఉండేలా చూసుకోండి.

కొన్ని కార్లకు కంపెనీ నుంచే రన్‌ఫ్లాట్ టైర్లు వస్తాయి, స్టెప్నీ ఉండదు. గాలి మొత్తం పోయినా గట్టి గోడల మీద 80 కిలోమీటర్ల వేగంలో సుమారు 80 కిలోమీటర్లు తీసుకుపోతాయి. దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం పోయేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటాక నల్లమల అడవిలో దోమలపెంట దాకా పంచర్ దుకాణం ఆశించలేం, ఫోన్ సిగ్నల్ కూడా నమ్మకం లేదు. కానీ ఆ గట్టి గోడలే రోజూ ప్రతి గుంతనూ మన నడుముకూ రిమ్‌కూ చేరవేస్తాయి. మామూలు టైర్లకు మారితే మాత్రం డిక్కీలో సన్నటి స్టెప్నీ గానీ, కనీసం కంప్రెసర్, పంచర్ కిట్ గానీ తప్పనిసరి. గోడకు కోత పడితే కిట్ కూడా పనిచేయదు కాబట్టి అడవి దారి పట్టేవాళ్లకు నా ఓటు స్టెప్నీకే.

జర్మన్ కార్లయితే గోడ మీద ఇంకొన్ని గుర్తులు ఉంటాయి. బీఎండబ్ల్యూకు నక్షత్రం, మెర్సిడెస్‌కు ఎంఓ, ఆడికి ఏఓ, పోర్షేకు ఎన్ పక్కన అంకె. ఆ కారు కంపెనీతో కలిసి ఆ కారు కోసమే సరిచేసిన రకమని అర్థం. పోర్షేలాంటి కార్లకు వెనక టైర్లు ముందువాటి కన్నా వెడల్పు కాబట్టి ఈ గుర్తును పట్టించుకోవడం మంచిది. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని పరిమితుల జాబితాలో పెట్టినప్పటి నుంచి ఇలాంటి అరుదైన సైజులకు ఎదురుచూపులు పెరిగాయి. నల్లగొండలో, పాలమూరులో స్టాకు ఉండదు, హైదరాబాద్ నుంచి తెప్పించాలి. అందుకే టైరు పూర్తిగా అరిగేదాకా ఆగకుండా రెండు నెలల ముందే వెతకడం మొదలుపెట్టండి. ఆ ఎదురుచూపు భరించలేక "విప్పిన టైర్లు, ఐదు వేలే తిరిగినయి" అంటూ వచ్చే సెకండ్‌హ్యాండ్ సరుకుకు లొంగిపోవద్దు. ఆ టైరు ఏ గుంతలో పడిందో, లోపల ఏ దారం తెగిందో ఎవరూ చెప్పలేరు.

ఏ టైరు కొనాలని అడిగితే, పేరు కన్నా ముందు వరస చూసుకోండి. ప్రతి కంపెనీకీ స్పోర్ట్స్ వరస వేరు, సుఖ ప్రయాణం వరస వేరు. మిషెలిన్‌లో పైలట్ స్పోర్ట్, ప్రైమసీ. బ్రిడ్జ్‌స్టోన్‌లో పొటెంజా, టురాంజా. కాంటినెంటల్‌లో మ్యాక్స్‌కాంటాక్ట్, యోకోహామాలో అడ్వాన్, ఈ రెండూ స్పోర్ట్స్ వైపు. 2009లో అపోలో కొనుక్కున్న వ్రెడెస్టైన్ పేరుతో అల్‌ట్రాక్ టైర్లు మన దేశంలోనే తయారవుతున్నాయి కాబట్టి దొరకడం కాస్త తేలిక. నాకైతే రెండేళ్ల కిందటి ఖరీదైన టైరు కన్నా మూడు నెలల కిందట తయారైన మధ్యరకం టైరే మేలు. గోడౌన్‌లో సరిగా దాచినది ఏడాదిదైనా పరవాలేదు. అద్దం వెనక ఎండలో ప్రదర్శనకు పెట్టినదైతే వద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత ధర కాగితం చూపిస్తే ఆ సంగతి గుర్తు చేయండి.

నాలుగూ ఒకేసారి మార్చడం ఉత్తమం. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే వేరే దారి కూడా లేదు, చక్రాల ఎత్తుల్లో తేడా ఉంటే గేర్ల వ్యవస్థ నలిగిపోతుంది. ముందు చక్రాలు లాగే కార్లలో ముందు రెండే తొందరగా అరుగుతాయి కాబట్టి జతనే మార్చాల్సి వస్తే, ఒకే రకం తీసుకుని కొత్తవి వెనక వేయించండి. ఇక్కడ దుకాణంలో దాదాపు అందరూ వాదిస్తారు, "సార్, లాగేది ముందుది కదా" అని. ముందు జారితే కారు నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే మళ్లీ పట్టు దొరుకుతుంది. తడి మలుపులో వెనక జారితే కారు బొంగరంలా తిరుగుతుంది, దాన్ని అదుపు చేయడం మనలాంటి వాళ్లవల్ల అయ్యే పని కాదు. వాదన ఎంత సేపైనా సరే, కొత్తవి ముందు వేయడానికి మాత్రం ఒప్పుకోకండి.

బిగించే రోజు దగ్గరే నిలబడండి. పెట్టెలోనో బిల్లులోనో కాదు, మీ కళ్లతో నాలుగు టైర్ల తయారీ వారం చదవండి. బయట అని రాసిన వైపు బయటికే వచ్చిందా, బాణం గుర్తుంటే అది ముందుకు తిరిగే దిక్కుకే ఉందా చూడండి. వాల్వులు కొత్తవి వేయించండి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అదే రోజు. గాలి అంకె డ్రైవర్ తలుపు దగ్గర అతికించిన కాగితంలో ఉంటుంది, అదీ పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొట్టించాల్సిన అంకె. ప్రతి పది డిగ్రీల వేడికి ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం హైవే మీద ఆగి చూస్తే 38, 39 కనిపించి టెన్షన్ పుడుతుంది. ఆ గాలి తీయకండి, రాత్రికి అదే దిగుతుంది. అచ్చు నుంచి తీసేటప్పుడు పూసిన నూనె పొర పోయేదాకా, మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా పోవాలి. నేను ఆ దూరాన్ని నార్కట్‌పల్లి దాకా పోతూ వస్తూ వారం రోజుల్లో పూర్తి చేశాను. తొలి వంద దాటాక దుకాణానికి తిరిగిపోయి చక్రాల బోల్టులు మళ్లీ బిగింపు చూపించుకున్నాను. ఒకటి పావు చుట్టు తిరిగింది.